కూకట్‌పల్లి నుంచి భువనగిరికి: పిల్లల కోసం ఊరు మారిన ఏడాది

కూకట్‌పల్లి ఫ్లాట్ ఖాళీ చేసి భువనగిరి వచ్చి ఏడాది దాటింది. రాకముందు మాకు సలహాలు చెప్పినవాళ్ళు చాలామంది. సిటీ వదలొద్దన్నారు కొందరు, వెంటనే వెళ్ళిపొమ్మన్నారు కొందరు. కానీ భువనగిరిలో ఉంటూ, రోజూ హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్ళొస్తూ, చిన్నపిల్లల్ని పెంచుతున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ దొరకలేదు. దొరికి ఉంటే మాకు ఎన్నో సంగతులు ముందే తెలిసేవి. అందుకే తేదీలు, ఖర్చులతో సహా రాస్తున్నాను.

నేను బేగంపేటలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. మా ఆయనది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి. మాకు ఇద్దరు పిల్లలు. 2023లో పెద్దది రెండో తరగతి, చిన్నోడు ఎల్కేజీ. కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ కాలనీలో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం.

ఆ నవంబర్‌లో ఒక ఆదివారం పెద్దది సెల్లార్‌లో బంతి ఆడుతుంటే ఎవరిదో కారు వెనక లైటు పగిలింది. 1,800 కట్టాం. రెండు రోజులకు లిఫ్టు పక్కన కాగితం అంటించారు: 'సెల్లార్‌లో పిల్లలు ఆడరాదు.' పెద్దదానికి అప్పుడప్పుడే తెలుగు చదవడం వస్తోంది. లిఫ్టు కోసం నిలబడ్డ ప్రతిసారీ కూడబలుక్కుని దాన్నే చదివేది. ఒకరోజు అడిగింది, "ఆడరాదు అంటే పిల్లలకు ఆడటం రాదు అనా అమ్మా?" అని. కాదమ్మా, ఆడకూడదు అని, అన్నాను. "మరి ఎక్కడ ఆడాలో రాయలేదుగా" అంది. ఆ రాత్రి ఈ మాట మా ఆయనకు చెబుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. ఊరు మారే మాట మా ఇంట్లో మొదట వచ్చింది ఆ రోజే.

2024 జనవరిలో ఓనరు అద్దె 21 వేల నుంచి 24 వేలు చేశారు. మెయింటెనెన్స్ 2,500. పిల్లలిద్దరి ఫీజులు, స్కూల్ బస్సులతో కలిపి ఏడాదికి 2 లక్షల పైనే. బడి అయ్యాక మేం వచ్చేదాకా చిన్నోణ్ణి ఉంచే డేకేర్‌కు నెలకు 6,500. అన్నీ కలిపితే నెలకు 50 వేలు దాటుతోంది. ఆ సంక్రాంతికి వలిగొండ దగ్గర మా అత్తమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాం. మామయ్య పోయాక అత్తమ్మ అక్కడ ఒక్కరే ఉంటున్నారు. కూకట్‌పల్లికి రెండుసార్లు వచ్చి, పది రోజులు తిరక్కుండానే వెళ్ళిపోయారు. భువనగిరి అంటే ఏమంటారని అడిగితే, "భువనగిరి అయితే వస్త బిడ్డా. పొద్దుగాల బస్సెక్కితే మన ఊరికి పోయి మాపటికి రావచ్చు" అన్నారు. ఆ ఒక్క మాట లేకపోతే మిగతా లెక్కలేవీ వేసేవాళ్ళం కాదు.

అయినా ఒక్క ఊరే చూసి నిర్ణయించుకోవద్దని ఫిబ్రవరి, మార్చి ఆదివారాలన్నీ తిరిగాం. షాద్‌నగర్‌లో ఇళ్ళు నచ్చాయి, కానీ అక్కడి నుంచి ఆరాంఘర్ మీదుగా నా ఆఫీసుకు రావాలి, ఆ వైపు మెట్రో లేదు. ఘట్‌కేసర్‌కు మార్చి 10న వెళ్ళాం. అంతకు ఐదు రోజుల ముందే, మార్చి 5న, అక్కడి నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ప్రారంభించారు. ఊరంతా అదే మాట. అద్దెలు 14, 15 వేలు చెప్పారు. చూసిన మూడు ఇళ్ళూ అపార్ట్‌మెంట్లే, మూడింటికీ కింద సెల్లారే. అంత దూరం వచ్చి మళ్ళీ అదే లిఫ్టు, అదే సెల్లార్ దేనికనిపించింది.

భువనగిరిలో బ్రోకరు మాకు ఇంటికంటే ముందు రైలును చూపించాడు. ఎంఎంటీఎస్ భువనగిరి దాటి రాయగిరి దాకా వస్తుంది, ఇంకెంత, అన్నాడు. ఆ మాట ఏళ్ళుగా అంటున్నదే. నేను ఈ రాత రాస్తున్న రోజుకు కూడా ఆ రైలు ఘట్‌కేసర్ దాటలేదు. రాబోయే రైలును, రాబోయే ఫ్లైఓవర్‌ను లెక్కలో వేసుకుని ఇల్లు తీసుకోకండి. ఈరోజు నడుస్తున్న బస్సు ఏదో, అది ఎన్నింటికి వస్తుందో అదే చూసుకోండి.

మేం ఒక పద్ధతి ప్రకారం ముందు కొన్నాళ్ళు ఉండి చూద్దామనుకున్నాం. కానీ కూకట్‌పల్లి బడి వాళ్ళ క్యాలెండర్ మనకోసం ఆగదు. వచ్చే ఏడాది సీటు ఉండాలంటే మొదటి టర్మ్ ఫీజు ఏప్రిల్ 15 లోపు కట్టాలన్నారు. కట్టకపోతే సీటు పోతుంది, కట్టి వెళ్ళిపోతే డబ్బు పోతుంది. మూడు రాత్రులు ఇద్దరికీ సరిగ్గా నిద్ర లేదు. చివరికి కట్టలేదు. సెలవులకు రెండు రోజుల ముందు, ఏప్రిల్ 22న, టీసీకి అర్జీ పెట్టాం. అంటే ఉండి చూడకముందే వెనక్కి వెళ్ళే దారి మూసుకున్నట్టే. టీసీ చేతికొచ్చింది మే 18న, 26 రోజులకు. సెలవుల్లో ఆఫీసు పదింటి నుంచి ఒంటిగంట దాకానే. ఒకసారి ప్రిన్సిపాల్ సంతకం లేదు, ఒకసారి లైబ్రరీ బకాయి 340 రూపాయలు చూపించారు. నేను మూడుసార్లు పర్మిషన్ పెట్టి వెళ్ళాను.

మే 6 నుంచి 18 దాకా భువనగిరిలో మా చిన్నత్తమ్మ వాళ్ళింట్లో ఉండి, అక్కడి నుంచే ఇద్దరం ఆఫీసులకు వెళ్ళాం. పిల్లలకు పండగే. నాకు ఇంటి నుంచి ఆఫీసుకు గంటా యాభై నిమిషాలు పట్టింది. ఫర్వాలేదు, చేయగలను అనుకున్నాను. మా పెద్ద పొరపాటు అక్కడే జరిగింది. మే నెలలో బడులుండవు, కాలేజీలుండవు, వానలుండవు. ఉప్పల్ రోడ్డు ఏడాదిలో అంత ఖాళీగా ఇంకెప్పుడూ ఉండదు. ఎవరైనా ఇలా ఉండి చూడాలనుకుంటే జూలైలో చూడండి, అదీ సోమవారం వాన పడుతుండగా.

మే 19న ఇల్లు కుదిరింది. కింద పోర్షన్, రెండు గదులు, వంటిల్లు, వెనక జామచెట్టు, ముందు పిల్లలు పరిగెత్తేంత వాకిలి. అద్దె 9,500, రెండు నెలల అడ్వాన్సు. డాబా ఎక్కితే కోట కనిపిస్తుంది. ఆ కొండంతా ఒకటే రాయి. మే 26 ఆదివారం సామాను తెచ్చుకున్నాం. డీసీఎం వ్యానుకు 7,500, ఇద్దరు హమాలీలకు 2,400. పాత ఓనరు అడ్వాన్సులో పెయింటింగ్ కింద 12 వేలు పట్టుకున్నారు. పిల్లలు గోడ మీద గీసిన పెన్సిల్ గీతలు చూపించి అంత తీసుకుంటారని అనుకోలేదు. ఇల్లు ఖాళీ చేసే ముందే గోడలన్నీ ఫోటోలు తీసి, ఎంత పట్టుకుంటారో రాయించుకుని ఉంటే బాగుండేది.

గ్యాస్ విషయం ముందే తెలుసుకోండి. వేరే ఊరికి మారుతుంటే సిలిండర్లు, రెగ్యులేటర్ పాత ఏజెన్సీలో అప్పగిస్తే ఒక ఓచర్ కాగితం ఇస్తారు. అది చూపిస్తేనే కొత్త ఊళ్ళో కనెక్షన్. మాకు మధ్యలో ఆరు రోజులు గ్యాస్ లేదు, కరెంటు పొయ్యి మీదే వంట. ఇంటర్నెట్‌కు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఇంటి నుంచి పనిచేసే రోజులు వస్తే మా ఆయన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని డాబా మెట్ల మీద కూర్చునేవారు, సిగ్నల్ అక్కడే బాగుండేది. మొదటి గాలివానకు నాలుగు గంటలు కరెంటు పోయింది. ఆ వారమే 24,500 పెట్టి ఇన్వర్టర్ కొన్నాం. ఇది మా లెక్కలో లేని ఖర్చు.

లెక్కలో లేనిది ఇంకొకటి, కోతులు. ఊళ్ళోవాళ్ళకు అలవాటైపోయి ఎవరూ ముందు చెప్పలేదు. దిగిన నాలుగో రోజు చిన్నోడు వాకిట్లో బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని నిలబడి ఉంటే ఒకటి వచ్చి చేతిలోంచి లాక్కుపోయింది. గోరు గీరుకుంది. పరిగెత్తుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్ళి వ్యాక్సిన్ మొదలుపెట్టించాం. వాడు వారం రోజులు గడప దాటలేదు. ఆరుబయట ఆడుకోవాలని ఇంత దూరం తెచ్చి, పిల్లాడు తలుపు చాటున నిలబడి వాకిలి చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. కిటికీలకు, వెనక వసారాకు ఇనుప జాలీ వేయించడానికి 6,200 అయింది. నీళ్ళ ట్యాంకు మూతకు తీగ కట్టి పైన రాయి పెట్టాలని పక్కింటి అక్క చెప్పింది. గేటు దగ్గర ఒక కర్ర ఎప్పుడూ ఉండాలి. అవి వచ్చే వేళలు కూడా ఇప్పుడు మాకు తెలుసు: పొద్దున ఏడు ఆ ప్రాంతంలో, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక.

జూన్ 12న బడులు తెరిచారు. కొత్త బడిలో ఇద్దరికీ కలిపి ఫీజు 67 వేలు, అడ్మిషన్ 8 వేలు, పుస్తకాలు, యూనిఫారాలు 17 వేలు. పెద్దదాని పేరు మాత్రం రికార్డులో ఎక్కలేదు. ప్రతి పిల్లకూ ఒక పెన్ (పర్మనెంట్ ఎడ్యుకేషన్) నంబర్ ఉంటుంది. పాత బడి వాళ్ళు ఆన్‌లైన్‌లో పిల్లను వదిలిపెడితేనే కొత్త బడి వాళ్ళు తమ దాంట్లో చేర్చుకోగలరట. టీసీ ఇచ్చారు గానీ ఆ పని చేయలేదు. ఫోన్లు చేసి చేసి, చివరికి మా ఆయన స్వయంగా వెళ్ళి కూర్చుంటే జూన్ 27న అయింది. టీసీ తీసుకునే రోజే ఇది కూడా చేయించుకోండి.

స్కూల్ ఆటో మాట్లాడాం, ఒక్కొక్కరికి నెలకు 900. రెండో వారం ఒకరోజు సెలవు పెట్టి గేటు దగ్గర నిలబడితే అందులో పదకొండు మంది పిల్లలు కనిపించారు. మా పెద్దది డ్రైవరు పక్కన, సగం బయటకు కూర్చుని ఉంది. ఆ రోజే మాన్పించాం. బడి ఇంటికి కిలోమీటరు పైచిలుకు. పొద్దున మా ఆయన ఇంట్లో ఉంటే ఆయన, లేకపోతే అత్తమ్మ నడిపించుకుని వెళ్తారు. సాయంత్రం అత్తమ్మే.

ఇక నా ప్రయాణం. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వల్ల ఎక్స్‌ప్రెస్ బస్సులో నాకు జీరో టికెట్, ఆధార్ చూపిస్తే చాలు. ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కి బేగంపేట. మెట్రోకు నెలకు 1,700 దాకా అయ్యేది. డబ్బు పరంగా చాలా తేలిక. కానీ ఉచితం కాబట్టి బస్సు కిటకిటలాడుతూ వస్తుంది, భువనగిరిలో ఎక్కేసరికి సీటు ఉండదు. నారపల్లి దాటాక ఉప్పల్ దాకా రోడ్డు మధ్యలో ఏళ్ళ తరబడి పూర్తికాని ఫ్లైఓవర్ పిల్లర్లు, రెండు పక్కలా గుంతలు, దుమ్ము. మేలో పావుగంటలో దాటిన ఆ ముక్కకు జూలై వానల్లో నలభై నిమిషాలు పట్టేది. పొద్దున 6:50కి బయల్దేరితే 9:20కి ఆఫీసు. సాయంత్రం ఆరింటికి లేస్తే ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. మా ఆయనకు ఇంకా దూరం, కానీ వారానికి మూడు రోజులే. నాకు ఆరు రోజుల్లో ఐదు రోజులు, ఒక్కోసారి శనివారం కూడా.

కేపీహెచ్‌బీలో ఉన్నప్పుడు గుమ్మం నుంచి గుమ్మానికి 55 నిమిషాలు. అంటే రోజుకు మూడు గంటలు పోయాయి నాకు. ఇల్లు వెతికేటప్పుడు ఆఫీసు ఎంత దూరమని లెక్కపెట్టాం, అద్దె ఎంతని లెక్కపెట్టాం. ఆ మూడు గంటలు ఎవరి జీవితంలోంచి వస్తాయని మేమిద్దరం ఒక్కరోజు కూడా కూర్చుని మాట్లాడుకోలేదు. వచ్చింది నా జీవితంలోంచే. పిల్లలకు వాకిలి దొరికింది, నానమ్మ దొరికింది, సాయంత్రం దొరికింది. ఆ సాయంత్రంలో నేను లేను.

ఆగస్టు 6 మంగళవారం. ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఫోన్‌కు వీడియో వచ్చింది. పెద్దది సైకిల్ తొక్కుతోంది, వెనక ఎవరూ పట్టుకోకుండా. వీడియోలో అత్తమ్మ గొంతు వినిపిస్తోంది, "చూస్కో బిడ్డా, ముంగట చూస్కో" అని. చివర్లో పిల్ల కెమెరా వైపు తిరిగి "అమ్మకు పంపు" అంది. స్కైవాక్ మీద ఒక పక్కకు నిలబడి నాలుగుసార్లు చూశాను. సంతోషం ఎంతో అంత ఏడుపు వచ్చింది. ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి తొమ్మిదయింది, అది నిద్రపోయింది. మోకాలి మీద పసుపు రాసి ఉంది.

కార్తీకమాసంలో ఇంకో కష్టం. నవంబర్‌లో యాదగిరిగుట్టకు వెళ్ళే భక్తులతో ఆ దారి బస్సులన్నీ నిండిపోతాయి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నాలుగు బస్సులు ఆగకుండా వెళ్ళిపోయిన రోజులున్నాయి. రెండుసార్లు షేర్ కారులో 150 ఇచ్చి వెళ్ళాను. నవంబర్ 19న కూడా అలాగే ఆలస్యమై ఇల్లు చేరేసరికి 8:50. చిన్నోడికి సాయంత్రం నుంచి జ్వరమని, మందు పోశానని అత్తమ్మ చెప్పారు. ఊళ్ళో మేం చూపించుకునే పిల్లల డాక్టరు క్లినిక్ తొమ్మిదింటికి మూసేస్తారు. పొద్దున్నే వెళ్దామనుకున్నాం.

రాత్రి 12:40కి వాడు ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. కళ్ళు పైకి తేలేశాడు, చేతులు కొట్టుకుంటున్నాయి. వాడు చనిపోతున్నాడనే అనుకున్నాను. వాడి చేతిలో తాళంచెవి పెట్టమంటూ అత్తమ్మ పరిగెత్తారు. పక్కింటి అన్న కారు తీశాడు. కారెక్కేలోపే ఫిట్స్ ఆగింది, కానీ వాడు పలకడం లేదు. ఊళ్ళోనే ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డ్యూటీ డాక్టరు జ్వరం చూశారు, 104. మందు ఇచ్చి, పిల్లల స్పెషలిస్టు పొద్దునే వస్తారని, ఫిట్స్ మళ్ళీ వస్తే సిటీకి తీసుకెళ్ళమని అన్నారు. పొద్దుటిదాకా ఆగే ధైర్యం లేకపోయింది. 1:25కి బయల్దేరి 2:15కి ఉప్పల్ వైపు ఒక పిల్లల ఆస్పత్రికి చేరాం. ఖాళీ రోడ్డు మీద యాభై నిమిషాలు. వాడి తల నా ఒళ్ళో. వెలుతురు పడ్డప్పుడల్లా ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూస్తూ కూర్చున్నాను. కేపీహెచ్‌బీలో ఆస్పత్రి మా వీధి చివరే ఉండేది. ఆ యాభై నిమిషాలూ నేను అదే అనుకున్నాను.

జ్వరం వల్ల వచ్చిన ఫిట్స్ అన్నారు డాక్టరు గారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో వస్తుంటాయట, చాలామందికి మళ్ళీ ఏ ఇబ్బందీ ఉండదట. పిల్లాణ్ణి ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో ఇనుము పెట్టి లాభం లేదు, గడియారం చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే ఒక్క క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ఇది పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన మాట. రెండు రాత్రులు ఉంచారు. బిల్లు 31,400. ఆఫీసు ఇన్సూరెన్సు పోను మేం కట్టింది 4,100.

ఇంటికి వచ్చిన రోజే చెప్పేశాను, వెనక్కి వెళ్ళిపోదామని. మా ఆయన ఎదురు చెప్పలేదు. "నీకు వద్దంటే వద్దు. రేపటి నుంచే ఇల్లు వెతుకుతా" అన్నారు. అత్తమ్మ మాత్రం ఏమీ అనకుండా బియ్యం ఏరుతూ కూర్చున్నారు. మళ్ళీ ఊరికి ఒంటరిగా వెళ్ళాలన్నది ఆమె మనసులో మెదులుతోందని నాకు తెలుసు. ఆ రాత్రే ఆరు నెలల లెక్క తీశాం. అనుకున్న ప్రకారం నెలకు 27 వేల చొప్పున 1,62,000 మిగలాలి. మిగిలింది 68 వేలు. తక్కినదంతా సామాను, పెయింటింగ్, ఇన్వర్టర్, జాలీలు, పుస్తకాలు, ఆలస్యమైన రాత్రుల కార్లకు పోయింది. అయితే వాటిలో చాలావరకు ఒక్కసారి పెట్టే ఖర్చులే. చదువు మధ్యలో మళ్ళీ బడి మార్చడం పిల్లలకు మంచిది కాదని, మార్చి 31 దాకా ఆగి చూద్దామని గడువు పెట్టుకున్నాం. ఆ లోపు రెండు పనులు జరగాలి. ఒకటి, రాత్రి పూట ఎవరి కారు కోసమూ అడగాల్సిన పని ఉండకూడదు. రెండోది, నా సాయంత్రం నాకు రావాలి. రెండూ జరక్కపోతే వెళ్ళిపోతాం.

డిసెంబర్ 2న మా మేనేజరును అడిగాను. బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి చేస్తాను, మిగతా రోజులు ఎనిమిదిన్నరకు వచ్చి నాలుగున్నరకు వెళ్తాను అని. ఈ మాట అడగడానికి నాకు ఐదు నెలలు ఎందుకు పట్టిందో ఇప్పటికీ అర్థం కాదు. అడిగితే చులకనైపోతానేమో, పని మీద శ్రద్ధ లేదనుకుంటారేమో అన్న భయం. జవాబు రావడానికి జనవరి 10 అయింది. ఆ నలభై రోజులు మెయిల్ చూసినప్పుడల్లా టెన్షనే. ఒప్పుకున్నారు, ఫిబ్రవరి 3 నుంచి అమలు. ఆ ఏడాది ప్రమోషన్ జాబితాలో నా పేరు లేదు. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. నాకు ఉందనే అనిపిస్తుంది. బాధ లేదని చెప్పను, పదకొండేళ్ళ సర్వీసు నాది.

పొద్దున ఆరింటికే బయల్దేరితే లోకమే వేరు. బస్సులో సీటు దొరుకుతుంది, ఉప్పల్ దగ్గర రద్దీ ఉండదు, రెండు గంటల్లో ఆఫీసులో ఉంటాను. సాయంత్రం 6:40కల్లా ఇల్లు. పిల్లలు ఇంకా వాకిట్లోనే ఉంటారు.

ఫిబ్రవరిలోనే 2,90,000కు సెకండ్‌హ్యాండ్ కారు తీసుకున్నాం. గూడూరు టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఇల్లుంటే సొంత కారుకు నెలవారీ లోకల్ పాస్ ఇస్తారు, ఆధార్, ఆర్సీ తీసుకెళ్తే చాలు. కారు ఉన్నది రాత్రి అవసరానికే గానీ ఆఫీసుకు తీయం. పగలైతే బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర్లోనే ఉంది, అత్తమ్మ మోకాళ్ళకు అక్కడే చూపిస్తున్నాం. ఉప్పల్ వైపు ఆ పిల్లల ఆస్పత్రి నంబరు, పక్కింటి అన్న నంబరు, జ్వరం మందు కొలత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించాను. అత్తమ్మకు చదువు రాదు కాబట్టి పెద్దదానికి నేర్పించాను, ఎవరికి ముందు ఫోన్ చేయాలో.

చదువు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి బడిలో ఎక్కాలు, అప్పజెప్పడం, చేతిరాత మీద పట్టుదల ఎక్కువ. పెద్దది 16వ ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. కానీ కూకట్‌పల్లిలో ఇంగ్లీషులో గడగడా మాట్లాడేది, ఇప్పుడు తడబడుతోంది. అక్కడ నెలకొక ప్రాజెక్టు చేసేవాళ్ళు, ఇక్కడ అది లేదు. కీబోర్డు నేర్చుకునేది, ఇక్కడ నేర్పేవాళ్ళు దొరకలేదు. ఆన్‌లైన్‌లో పెట్టించాం, రెండు నెలలకు మానేసింది. ఈ నష్టం నిజమే, దాన్ని దాచి చెప్పలేను. శుక్రవారాలు నేనే దానితో గంటసేపు ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాను.

మార్చి 31 వచ్చింది. ఆ రోజు సోమవారం, రంజాన్ సెలవు. నలుగురం కోట మెట్లెక్కాం. చిన్నోడు సగందాకా తనే నడిచాడు. పైన కూర్చున్నాక మా ఆయన అడిగారు, ఏం చేద్దామని. పెద్దది మధ్యలో కల్పించుకుని "అక్కడికి వెళ్తే నా సైకిల్ ఎక్కడ పెడతాం?" అంది. దాని మాటకే ఒప్పుకున్నామని కాదు. ఫిబ్రవరి నుంచి నేను పిల్లలకు అన్నం పెట్టిన సాయంత్రాలు గుర్తొచ్చాయి నాకు. ఇంకో ఏడాది ఉందామన్నాను.

మే ఆఖరుకు ఓనరు 10 వేలకు పెంచి పదకొండు నెలలకు అగ్రిమెంటు మళ్ళీ రాశారు. మే 17 నుంచి మెట్రో ఛార్జీలు పెరిగాయి, కానీ నేను వారానికి మూడు రోజులే వెళ్తున్నాను కాబట్టి ఖర్చు ముందటికంటే తక్కువే. జూన్ 12న పెద్దది నాలుగులో, చిన్నోడు ఒకటిలో చేరారు. పెద్దది ఆరో తరగతికి వచ్చేసరికి 2027 జూన్ అవుతుంది. అప్పుడు హైస్కూలు కోసం మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది, ఘట్‌కేసర్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అది ఇంకా తేలలేదు.

ఈరోజు బుధవారం. ఇందాక నాలుగున్నరకు నేను కాల్‌లో ఉండగా గేటు దగ్గర సైకిల్ బెల్లు ఆగకుండా మోగింది. హ్యాండిల్‌కు పాల ప్యాకెట్ సంచీ, వెనక క్యారియర్ మీద తమ్ముడు. "అమ్మా, తొందరగా గేటు తియ్యి, గోడ మీద రెండున్నాయి!" అని పెద్దది అరుస్తోంది. మైకు ఆపేసి, కర్ర తీసుకుని వెళ్ళాను.